బెత్తెడు సందు

రెబెక్కమ్మ పొట్టి మనిషి. నెల్లూరు ఆసుపత్రిలో కాన్పుల పని నేర్చుకునే రోజుల్లో బల్ల అందక కాళ్ళ కింద పీట వేసుకుని నిలబడేది. తోటి నర్సులు నవ్వేవాళ్ళు, ఆమె కూడా నవ్వేది. పొట్టితనం వల్ల తనకు వచ్చిన కష్టమేమీ లేదని అప్పట్లో అనుకునేది. పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో ఆమెను వాకాటికి తూర్పున, సముద్రానికి దగ్గర్లో కొత్తగా పెట్టిన కాన్పుల కేంద్రానికి వేశారు. అక్కడికి వెళ్ళి సైకిలెక్కాక గానీ తన ఎత్తు ఎంతో ఆమెకు తెలిసిరాలేదు.

కేంద్రమంటే రెండు గదుల పెంకుటిల్లు. చుట్టూ వరి పండించుకునే రైతుల ఊళ్ళు. అవి దాటితే కాలువ, కాలువ దాటితే వాన పడితే బురదయ్యే చవిటి నేలలు, ఉప్పు పర్రలంటారు, పర్రల అవతల ఇసుక దిబ్బలు, సరుగుడు తోపులు, ఆ చివర చేపలు పట్టుకుని బతికే పల్లెలు. అన్నింటికీ కలిపి నర్సు ఆమె ఒక్కతే.

ఆసుపత్రిలో ఒక పెద్ద నర్సు పని మానుకుని పోతూ తన పాత సైకిలును రెబెక్కమ్మకు ఇచ్చింది. ఆడవాళ్ళ సైకిలే గానీ ఆమెకు ఎత్తే. సీటును అడుగంటా దించితే తప్ప కాలు నేలకు ఆనదు. ఇసుకలో కాలు ఆనకపోతే పడ్డట్టే లెక్క. అందుకని సీటు ఎప్పుడూ అడుగునే ఉండేది. దాని వెనక అంచుకూ, కింద తిరిగే టైరుకూ మధ్య ఎడం బాగా తగ్గిపోయింది. అదొక ఇబ్బంది అవుతుందని అప్పటికి ఎవరికీ తోచలేదు.

సైకిలు తొక్కే ఆడమనిషిని ఆ పల్లెలు అంతకుముందు చూడలేదు. మొదట్లో పిల్లలు అరుచుకుంటూ వెంటపడేవాళ్ళు. ఒక వానాకాలం గడిచేసరికి తలెత్తి చూసేవాళ్ళు కూడా లేకపోయారు.

ఆ వానాకాలమే ఆమె సైకిలును ఒలిచింది. పర్రల్లో బంకమట్టి వెనక మడ్‌గార్డు కింద చేరి చక్రం బిగుసుకుపోయేది. పుల్ల తీసుకుని గీక్కుంటూ కూర్చునే ఓపిక లేక మడ్‌గార్డు తీయించేసింది. తర్వాత క్యారియర్ పోయింది. సామాన్ల పెట్టెను దాని మీద కట్టుకుంటే గతుకులకు లోపలి గాజు సామానంతా పగిలిపోయేది. గడ్డి కుక్కినా, గుడ్డలు చుట్టినా పగిలేది. పైగా కాలువ దాటేటప్పుడు సైకిలును పడవలోకి తానే ఎత్తిపెట్టుకోవాలి. పడవవాడి చేతులు గడను వదిలేవి కావు. పెట్టె, క్యారియర్, సైకిలు అన్నీ కలిపి ఎత్తడం ఆమె వల్ల కాలేదు.

సామాను ఇక ఎక్కడ పెట్టాలి? హ్యాండిలుకు తగిలిస్తే ఇసుకలో ముందు చక్రం పక్కకు లాగేది. భుజాన వేసుకుంటే సాయంత్రానికి మెడ తిరిగేది కాదు. ఆ భుజం సంచి కుట్టింది ఆమె భర్త. అతని పేరు సమాధానం. అతను గూడూరు స్టేషను దగ్గర కుట్టుమిషను పెట్టుకుని రైలు పనివాళ్ళ నీలం చొక్కాలు కుట్టేవాడు. ఉబ్బసం మనిషి. ఉప్పుగాలి పడదని అతను గూడూరులోనే ఉండిపోయాడు. శనివారం సాయంత్రం రెబెక్కమ్మ బస్సెక్కి అతని దగ్గరికి వెళ్ళేది. సైకిలుకు ఏదైనా పని పడితే దాన్నీ బస్సు పైన వేయించుకునేది. ఆదివారం ప్రార్థనకు గుడికి పోయి వచ్చి నిద్రపోయేది. అతను పక్కన కూర్చుని, మిషను తొక్కితే ఆమె లేస్తుందని చేత్తో బొత్తాలు కుట్టుకునేవాడు.

అట్లా మూడేళ్ళు లాగాక, సీటు వెనక కట్టుకునే సంచి ఒకటి ఉంటుందనీ, సీటు కింది స్ప్రింగుల మీద ఊగుతుంది కాబట్టి గాజు పగలదనీ అతనే ఎవరి దగ్గరో విని వచ్చి చెప్పాడు. ఇద్దరూ కలిసి బజారులో పద్మనాభయ్య సైకిలు షాపుకు పోయారు.

పద్మనాభయ్య మంచి మనిషి. నర్సమ్మ అంటే గౌరవం. కాన్పుల సంచి అని తెలిసి, లోపలెక్కడో దాచిన నల్ల తోలు సంచి ఒకటి తీసి దుమ్ము దులిపాడు. లోతుగా, బరువుగా, డాక్టర్లు చేత పట్టుకునే సంచిలాగా ఉంది. తన చేత్తోనే సీటు వెనక కట్టి, సంచి అడుగుకూ టైరుకూ మధ్య అరచెయ్యి అడ్డంగా దూర్చి చూపించాడు. బెత్తెడు సందు ఉంది. రెబెక్కమ్మ కూడా వంగి చూసింది. సంచి అందంగా ఉంది. చాలా రోజుల తర్వాత తనకోసం ఒక మంచి వస్తువు కొనుక్కున్నట్టు అనిపించింది.

ఆ నెలలోనే ఆమెకు కాళ్ళు బరువెక్కడం మొదలైంది.

కాలువ దాకా తొక్కేసరికి పిక్కలు పట్టేసేవి. ఇదివరకు ఆగకుండా పోయే చోట దిగి నిలబడాల్సి వచ్చేది. వెనక చక్రం దగ్గర ఏదో సన్నగా రాసుకుంటున్న చప్పుడు వినిపించేది. దిగి నడిపిస్తే ఆగిపోయేది. ఇసుక వల్లే అనుకుంది. ముప్పై అయిదేళ్ళు దాటాయి, ఇక ఒళ్ళు ఇంతే అనుకుంది. సమాధానం ఆమె ముఖం చూసి బలానికని ఏదో టానిక్కు కొని తెచ్చాడు. రోజూ రెండు పూటలా దాన్ని తాగి సైకిలెక్కేది.

ఏటిమొగ అనే చేపల పల్లెలో మాలకొండమ్మ అని ఒక ముసలి మంత్రసాని ఉండేది. ఆ పల్లెలో తిరిగే మనుషుల్లో చాలామంది ఆమె చేతుల్లోకి పుట్టినవాళ్ళే. నర్సు వస్తే తన మాట పోతుందని మొదట్లో ముఖం ముడుచుకుంది. రెబెక్కమ్మ ఆమెతో పోటీకి పోలేదు. పోటీ పడే ఓపిక ఆమెకు లేదు. ‘నేనొచ్చే దాకా బొడ్డు కొయ్యబాక అవ్వా, మిగతాదంతా నీ ఇష్టం’ అని మాత్రం అడిగింది. ముసలామె కొన్నాళ్ళు ఆలోచించి ఒప్పుకుంది. అప్పటినుంచీ ఇద్దరూ కలిసే పని చేసేవాళ్ళు.

అరవై ఒకటి కార్తీకంలో, వాన వెలిసిన ఒక పొద్దున, ఏటిమొగ నుంచి ముత్యాలయ్య వచ్చాడు. పడవ కోసం ఆగకుండా కాలువ ఈదుకుని వచ్చాడు. భార్య పేరమ్మకు తెల్లారగట్ల నొప్పులు మొదలైనాయట. తొలికాన్పు బిడ్డ దక్కలేదు. రెబెక్కమ్మ సంచి సర్దుకుంది. అడుగున దూది పరిచి, రక్తం ఆగడానికి వేసే సూదిమందు గాజు బుడ్డీలున్న రేకు డబ్బా పెట్టింది. దాని మీద పింగాణీ గిన్నె, పైన కత్తెర, దారం, గుడ్డలు. పట్టీలు బిగించి బయల్దేరింది.

తడిసిన పర్ర మీద సైకిలు కదలలేదు. ముత్యాలయ్య ముందు నడుస్తూ హ్యాండిలు పట్టుకుని లాగాడు. ఆమె బలమంతా పెట్టి తొక్కింది. చక్రం దగ్గర చప్పుడు ఎక్కువైంది, ఆ తర్వాత కాసేపటికి తగ్గిపోయింది. సైకిలు ఉన్నట్టుండి తేలికైంది. ఇప్పటికి కాళ్ళు అలవాటు పడ్డాయి కాబోలు అనుకుని ఆమె సంతోషించింది కూడా.

పేరమ్మ గుడిసెలో మాలకొండమ్మ నీళ్ళు కాచి సిద్ధంగా ఉంది. రెబెక్కమ్మ సంచి విప్పి, పైనున్న గుడ్డలూ కత్తెరా తీసుకుని, సంచిని గోడవారకు నెట్టేసి పనిలో పడింది. బిడ్డ కష్టం లేకుండానే పుట్టింది. ఆడపిల్ల. గట్టిగా ఏడ్చింది. బయట ముత్యాలయ్య ఎవరితోనో నవ్వుతున్నట్టు వినిపించింది. మాయ కూడా పడింది. అంతా అయిపోయిందని ముసలామె నడుము పట్టుకుని లేవబోయింది.

రక్తం ఆగలేదు.

రెబెక్కమ్మ ఎడమ చెయ్యి పేరమ్మ పొత్తికడుపు మీద ఉంది. కడుపు గట్టిపడాల్సింది, మెత్తగా ఉంది. కింద గుడ్డ తడిసిపోయింది. ఇంకొకటి పెడితే అదీ తడిసిపోయింది. ఆమె చెయ్యి తీయకుండానే, ‘అవ్వా, సంచిలో అడుగున రేకు డబ్బా ఉంది, ఇట్టియ్యి’ అంది.

మాలకొండమ్మ సంచిని ఒళ్ళోకి లాక్కుని చెయ్యి లోపలికి పోనిచ్చింది. ఆ చేతి వేళ్ళు అడుగునుంచి బయటికొచ్చాయి. ముసలామె వాటివైపు కాసేపు చూసింది.

‘ఏంది బిడ్డా, దీనికి అడుగు లేదే’ అంది.

రెబెక్కమ్మ అటు చూసింది. గిన్నె చిరుగుకు అడ్డంపడి నిలిచిపోయింది. దాని కిందున్న డబ్బా దారిలో ఎక్కడో జారిపోయింది. ముత్యాలయ్యను పిలిచి, సైకిలు జాడ పట్టుకుని వెనక్కి పొమ్మని, పిడికిలంత రేకు డబ్బా కనిపిస్తే తెమ్మని చెప్పింది. అతను పరుగెత్తాడు. ఆమె రెండు చేతులూ పేరమ్మకు వేసి, ఒక చెయ్యి లోపల, ఒక చెయ్యి పైన పెట్టి, నొక్కి పట్టుకుంది. మందు లేనప్పుడు చేయగలిగింది అదొక్కటే. పేరమ్మ అరిచింది. మాలకొండమ్మ బిడ్డను తెచ్చి తల్లి రొమ్ముకు పట్టించింది. బిడ్డ చీకితే కడుపు ముడుచుకుంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమె అవ్వ అట్లా చేసేదట.

ఎంతసేపు అట్లా ఉందో రెబెక్కమ్మకు తర్వాత గుర్తు లేదు. మధ్యలో కాసేపు పైనున్న చేతి బదులు ముసలామె తన చెయ్యి వేసి నొక్కింది. చెమట కళ్ళల్లోకి కారుతుంటే గుడ్డతో తుడిచింది. పేరమ్మ పెదాలు పాలిపోయాయి, ఒకసారి కళ్ళు తేలేసింది. బిడ్డ మాత్రం లోకంతో పనిలేనట్టు చీకుతూనే ఉంది. గుడిసె వాకిట్లో ఎండ బాగా పైకొచ్చాక చేతి కింద కడుపు కొబ్బరికాయలా గట్టిపడింది. రక్తం సన్నగిల్లింది. రెబెక్కమ్మ నమ్మకుండా ఇంకాసేపు నొక్కి పట్టుకుంది. ఆ తర్వాత చెయ్యి తీద్దామంటే వేళ్ళు విచ్చుకోలేదు. మాలకొండమ్మ వాటిని ఒక్కొక్కటే విడదీసి, కడిగి, ఆమెను గోడకు ఆనించి తన చేత్తో గంజి తాగించింది.

ముత్యాలయ్య వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మోకాళ్ళ దాకా బురద. చేతిలో రేకు డబ్బా ఉంది.

‘టైరు జాడ పట్టుకోని పోయినా నర్సమ్మా. పర్ర మొదట్లోనే పడుండాది’ అన్నాడు.

డబ్బా అందుకోగానే లోపల గాజు పెంకులు గలగలమన్నాయి. మందు ఎప్పుడో కారిపోయింది. రెబెక్కమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని పైట కప్పింది.

‘మంచిది నాయనా. పో, లోపలికి పోయి బిడ్డను చూసుకో’ అంది.

సాయంత్రం పల్లె బయటికొచ్చాక సైకిలును ఇసుకలో పడుకోబెట్టి చూసింది. సంచి అడుగు తోలు ఆకురాయి పెట్టి అరగదీసినట్టు అరిగి చిరిగింది. టైరు మీద నల్లటి నిగ్గు తేలింది. కూర్చుంటే చప్పుడు, దిగితే ఆగిపోవడం, కాళ్ళ బరువు, టానిక్కు, పొద్దున తడి పర్ర మీద ఉన్నట్టుండి సైకిలు తేలికవడం అన్నీ అప్పుడు ఒకదాని వెంట ఒకటి అర్థమయ్యాయి. నెల పొడుగునా ఆమె సంచిని బ్రేకులా వేసుకుని తొక్కింది. కోపం వస్తుందేమోనని ఎదురుచూసింది. రాలేదు. ఖాళీ సంచిని హ్యాండిలుకు తగిలించి, కాలువ గట్టు దాకా నడిచి, పడవ కోసం కూర్చుంది.

ఆ ఆదివారం సంచి చూసి పద్మనాభయ్య ముఖం నల్లబడింది. వాదించలేదు. సీటు మీద ఎవరూ లేనప్పుడు, సంచిలో ఏమీ లేనప్పుడు చెయ్యి పెట్టి చూడటం తన తప్పేనన్నాడు. ఏం చేద్దామో చెప్పమంటే తోచినవన్నీ చెప్పాడు. సీటు రెండంగుళాలు ఎత్తుకోవచ్చు. ఆమె అక్కడికక్కడే ఎత్తించుకుని, తర్వాతి రోజు ఇసుకలో మొదటి మలుపులోనే పక్కకు పడి మోచెయ్యి చెక్కుకుంది. మళ్ళీ దించుకుంది. మరలు బిగించే పానాలు పెట్టుకునే చిన్న తోలు సంచి కట్టుకోవచ్చు. అది టైరుకు తగలదు గానీ రేకు డబ్బా పెడితే కత్తెర పట్టదు. మడ్‌గార్డు మళ్ళీ బిగిస్తే సంచి బతుకుతుంది, చక్రం బురదలో చిక్కుకుంటుంది. క్యారియర్ సంగతి వచ్చేసరికి ఆమె పడవను తలుచుకుని తల అడ్డంగా ఊపింది.

ఆ ఆదివారమే షాపు నుంచి ఇంటికి పోయి మంచం మీద వాలి, ఆ పని మానుకుంటానని సమాధానంతో చెప్పింది. గూడూరులోనే ఎక్కడైనా ఆయా పనైనా చేసుకుంటానంది. అతను సూదిలోకి దారం ఎక్కిస్తూ విన్నాడు.

‘మానుకుందామంటే మానుకుందాం. ఆ పల్లెల్లో ఎవరికన్నా ఏమన్నా అయిందని తెలిస్తే నీకు నిద్రపట్టదు. పట్టకపోయినా పర్వాలేదనుకుంటే ఇక్కడే ఉండు’ అన్నాడు.

ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. సోమవారం మామూలుగానే మొదటి బస్సుకు వెళ్ళిపోయింది.

పేరమ్మను చూడటానికి ఏటిమొగకు పోయినప్పుడు ఆమెకు ఒక సంగతి తోచింది. సందు ఎంతుందో చూడాల్సింది మనిషి కూర్చున్నప్పుడు. తాను కూర్చుంటే కిందికి చూడలేదు, కిందికి వంగితే కూర్చోలేదు. మాలకొండమ్మను సీటెక్కమని అడిగింది.

‘ఈ ఇనప గాడిద మీదా? చచ్చే ముందర నాకిదొకటా బిడ్డా’ అంటూనే ముసలామె కోక ఎగ్గట్టింది.

ఇద్దరు ఆడవాళ్ళు చెరోపక్కా సైకిలును పట్టుకున్నారు. మాలకొండమ్మను ఎత్తి కూర్చోబెట్టారు. ఆమె హ్యాండిలును గట్టిగా పట్టుకుని సముద్రంవైపు చూస్తూ కదలకుండా కూర్చుంది. రెబెక్కమ్మ ఇసుకలో బోర్లా పడుకుని సీటు కిందికి చెయ్యి పెట్టింది. స్ప్రింగులు దిగి, చూస్తుండగానే బొటనవేలంత సందు పోయింది. కొంచెం ఎగిరి కూర్చో అవ్వా అంటే ముసలామె ఎగిరి కూర్చుంది, ఇంకొక వేలంత పోయింది. సంచి నిండా ఇసుక నింపి కట్టి చూస్తే అది తన బరువుకు తానే మరో రెండు వేళ్ళు కిందికి సాగింది. షాపులో చూసిన బెత్తెడంతా అక్కడికి సరిపోయింది. చుట్టూ చేరిన ఆడవాళ్ళు నవ్వుతున్నారు. గుడిసె అరుగు మీద పడుకుని చూస్తున్న పేరమ్మ కూడా నవ్వబోయి, నొప్పికి కడుపు పట్టుకుంది.

వేలాడే సంచి తన సైకిలుకు పనికిరాదని రెబెక్కమ్మకు ఆ పూట తేలిపోయింది. ఎంత మంచి తోలైనా, ఎంత చిన్నదైనా, వేలాడితే సాగుతుంది, సాగితే తగులుతుంది. కిందికి దిగకుండా సీటు వెనక్కి అతుక్కుని ఉండేది కావాలి. తలగడలాగా అడ్డంగా పడుకుని ఉండాలి. అడుగు వంగకూడదు.

ముత్యాలయ్య తెరచాప చించినప్పుడు మిగిలిన మందపాటి గుడ్డ ఇచ్చాడు. విరిగిన తెడ్డు రెక్కను చెక్కి పలకలాగా చేసి, అది అడుగుకు వేసుకోమన్నాడు. వాటిని పట్టుకుని ఆమె గూడూరు పోయింది. తెరచాప గుడ్డ కుట్టడం చొక్కాలు కుట్టినట్టు కాదు. సమాధానం మిషను సూదులు విరిగాయి. చివరికి చేతి సూదితో, ఆయాసపడుతూ, మధ్యమధ్య ఆగి ఊపిరి పీల్చుకుంటూ కుట్టాడు. మొదటిసారి కుట్టింది మరీ వెడల్పు. తొక్కేటప్పుడు తొడలు దానికి కొట్టుకున్నాయి. రెండు పక్కలా విప్పి ముందువైపు సన్నగా కుట్టాడు. అప్పుడు పట్టీ వదులైంది. మూడోసారికి కుదిరింది. రెండు పట్టీలు సీటు స్ప్రింగులకు, ఒకటి సీటు కింది కమ్మీకి చుట్టి లాగితే సంచి బిగుసుకుపోయేది. పద్మనాభయ్య ఈసారి తానే సీటెక్కి కూర్చుని, రెబెక్కమ్మను వంగి చూడమన్నాడు. సందులో మూడు వేళ్ళు ఆడాయి.

చూడటానికి అది బాగాలేదు. చేపల వాసన పోలేదు. అన్ని సామాన్లూ పట్టలేదు కూడా. ఏది వదిలేయాలో తేల్చుకోవడానికి ఆమెకు ఇంకో వారం పట్టింది. డబ్బా మధ్యలో, చుట్టూ గుడ్డలు, పక్కన కత్తెరా దారమూ సబ్బూ పెట్టాక గిన్నెకు చోటు లేదు. మాలకొండమ్మ పల్లెలన్నీ తిరిగి, కడుపుతో ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒక కొత్త కుండ వేరే ఉంచమని చెప్పివచ్చింది. నర్సమ్మ చెప్పిందంటే కొందరు విన్నారు. ముసలామె చెప్పిందంటే అందరూ విన్నారు.

పేరమ్మ కోలుకోవడానికి చాలాకాలం పట్టింది. సంక్రాంతి పోయి, ఎండలు ముదిరాక గానీ చేపలు ఎండబెట్టే పనికి రాలేకపోయింది. బతికించిందని ఎవరైనా నర్సమ్మను మెచ్చుకుంటే పేరమ్మకు నచ్చేది కాదు. ‘బతికిచ్చిందో లేదో గానీ నా కడుపు పిండి పారేసినాది. ఇప్పటికీ వాన పడితే నొస్తాది’ అనేది. రెబెక్కమ్మ ఎదురుపడితే మాత్రం, ఎండు చేపలు తామరాకులో చుట్టి హ్యాండిలుకు తగిలించి పోయేది.

ఆ సంచితో రెబెక్కమ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళు తిరిగింది. చక్రం చప్పుడు పోయింది. కాళ్ళ బరువు కూడా కొంత పోయింది. కొంతే పోయింది, మిగతాది నిజంగా ఆమెదే. కొన్ని కాన్పులకు వేళకు చేరేది, కొన్నింటికి చేరలేకపోయేది. మందు ఉన్నా, చేతులున్నా, ఒకరిద్దరు దక్కలేదు. అట్లాంటి రోజున తిరిగివస్తూ ఆమె సైకిలెక్కేది కాదు. దాని పక్కన నడిచేది. పైనుంచి కొత్త పనులు వచ్చాయి. పిల్లలు చాలునని ఆడవాళ్ళకు నచ్చజెప్పమన్నారు, టీకాలు వేయమన్నారు. వాటికి వేరే సామాను. ఆ సామాను కోసం వేరే సంచి ఇస్తామన్నారు. ఆమె వద్దని, ఒక రోజు కాన్పులకూ ఒక రోజు టీకాలకూ తిరిగింది. ఒకే రోజు రెండూ మోయడం తన సైకిలు వల్ల కాదని పెద్ద డాక్టరుతో నెమ్మదిగా చెప్పింది. ఆయన సైకిలువైపు చూసి, ఆమెవైపు చూసి, సరేనన్నాడు.

అరవై అయిదులో సమాధానం పోయాడు. చలికాలం, ఆయాసం ఎక్కువై, రెండు రోజులు మంచం మీద ఉన్నాడు. ఆ రెండు రోజులూ ఆమె దగ్గరే ఉండగలిగింది, అదొక్కటే ఊరట. మిషను అమ్మేసి, గది ఖాళీ చేసి, శనివారాలు గూడూరు పోవడం మానేసింది. ఆదివారం వాకాట్లోనే చిన్న గుడికి పోయి వచ్చి పడుకునేది. పక్కన ఎవరూ లేకపోయినా చప్పుడు కాకుండా లేచి నీళ్ళు తాగడం అలవాటుగా మిగిలిపోయింది.

మాలకొండమ్మకు ఆ తర్వాతి ఏడు చూపు తగ్గింది. కాన్పులు మానేసింది. రెబెక్కమ్మ ఏటిమొగ పోతే ముసలామె గుడిసెలో కాసేపు పడుకుని వచ్చేది. ఒకసారి ముసలామె ఆమె మోకాలు తడిమి చూసి, వాపు చేతికి తగిలి, ‘నువ్వింక ఈ ఇసకలో తిరగబాక బిడ్డా. నేనూ కూచుంటిని గదా, ఏం మునిగిపోయినాది’ అంది. రెబెక్కమ్మ సరే అవ్వా అంది. బదిలీ అడగడానికి ఆమెకు ఆ మాట కావాల్సి వచ్చింది.

బదిలీ వచ్చేసరికి అరవై ఎనిమిది. వెంకటాచలంలో, హైవే పక్కన, మంచాలున్న ఆసుపత్రి. ఆమె స్థానంలో నవోమి అనే పిల్ల వచ్చింది. ఇరవై రెండేళ్ళు. మగవాళ్ళ సైకిలును అవలీలగా తొక్కేంత పొడుగు. నవోమి సీటు మీద కూర్చుంటే వెనక జానెడు ఖాళీ ఉంది, ఏ సంచి కట్టుకున్నా టైరుకు తగలదు. రెబెక్కమ్మ ఆమెను పల్లెలన్నీ తిప్పింది. పడవవాడిని, కుండలుంచే ఇళ్ళను, పర్రలో మెత్తగా దిగబడే చోట్లను చూపించింది. సంచి గురించి చెప్పాల్సింది ఏమీ లేకపోయింది. సూదిమందు అడుగున పెట్టవద్దని మాత్రం చెప్పింది. ఆ పిల్ల ఎందుకని అడగలేదు.

వెంకటాచలంలో ఆడవాళ్ళు బండ్ల మీద, బస్సుల మీద కాన్పుకు వచ్చేవాళ్ళు. ఆమె ఎక్కడికీ పోనక్కరలేదు. మొదటి నెలంతా లారీల చప్పుడుకు ఉలిక్కిపడి లేచేది. గది మూలన గోడకు ఆనించిన సైకిలు గాలి పోయి, టైర్లు నేలకు అతుక్కున్నాయి. కావాలన్న వాళ్ళకు ఇచ్చేసింది.

అక్కడి ఆయా అంకాలమ్మకు ఈమె ఇసుక పల్లెల్లో పదేళ్ళు సైకిలు మీద తిరిగిందని ఎవరో చెప్పారు. ఒక మధ్యాహ్నం వార్డులో పని లేనప్పుడు, అంతదూరం ఎట్టా తొక్కినావక్కా అని అడిగింది. రెబెక్కమ్మ బెంచీ మీద కాళ్ళు చాపుకుని, కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోయిందేమోనని అంకాలమ్మ లేవబోయింది.

‘ఎక్కడ తొక్కినానమ్మా, సగం దూరం నడిచినా’ అంది రెబెక్కమ్మ కళ్ళు తెరవకుండానే.

బయట బండి వచ్చి ఆగిన చప్పుడైంది. ఎవరో ఆడమనిషి మూలుగుతోంది. అంకాలమ్మ తలుపు తీయడానికి పోయింది. రెబెక్కమ్మ ఒక్క క్షణం ఆగి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి నిలబడింది.